జాకిర్ హుస్సేన్ సాహెబ్: చిన్నపిల్లల బడి



డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు మన దేశానికి మూడవ రాష్ట్రపతి అని, ఆ పదవి నలంకరించిన మొదటి ముస్లిం అని మన పిల్లలు జనరల్ నాలెడ్జి పుస్తకాలలో చదువుతూనే ఉన్నారు. పుట్టింది హైదరాబాదులో అనే సంగతి కూడా కొందరికి తెలుసు. ఇంతవరకు అందరూ ఎరిగినదే. కాని వారి జీవితంలో ఇరవై రెండేండ్లు ఒక బీద విద్యాసంస్థను నిలబెట్టడంలో, అందులోనూ అక్కడి చిన్నపిల్లల బడిని చక్కదిద్దడంలో గడిచినవని చాలామందికి తెలియదు. సావనీరుకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇవ్వమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, రాష్ట్రపతి భవనం సంగతి తక్కువగాను, ఆ బడి సంగతి ఎక్కువగాను వ్రాయదలచినాము.

దానికి కారణం ఉన్నది. పాశమైలారంలో మన సొసైటీ తరఫున మూడేండ్ల నుండి ఆరేండ్ల పిల్లలకు ఒక బడి పెట్టాలనే మాట రెండు మూడు మీటింగులలో వచ్చింది. స్థలం ఎక్కడ, ఫ్యాన్లు ఎన్ని, ఫీజు ఎంత అని చాలాసేపు మాట్లాడుకున్నారు. మంచిదే. కాని చెప్పేది ఎవరు అనే ప్రశ్న రెండు నిమిషాలలో తేలిపోయింది. మొహల్లాలో ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయి ఎవరో ఒకరు దొరుకుతుంది, చిన్నపిల్లలే కదా, ఆమాత్రం చాలదా అన్నారు. అన్నవారు చెడ్డవారు కాదు. ఊరంతా అలాగే అనుకుంటుంది. జాకిర్ సాహెబ్ మాత్రం అలా అనుకోలేదు. వారి కథ చెప్పుకుంటే ఆ ప్రశ్నకు రెండు నిమిషాలు చాలవని మనకే తెలుస్తుంది.

వారి పూర్వీకులు అఫ్రీదీ పఠానులు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడినవారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు బ్రతుకుతెరువు వెతుక్కుంటూ నిజాం రాజ్యానికి వచ్చి, హైదరాబాదులో వకీలుగా మంచి పేరు, డబ్బు సంపాదించారు. 1897 ఫిబ్రవరి 8న జాకిర్ హుస్సేన్ ఇక్కడే పుట్టారు. ఏడుగురు అన్నదమ్ములలో వారు మూడవవారు. ఆ అన్నదమ్ములలో ఒకరైన యూసుఫ్ హుస్సేన్ ఖాన్ గారు తర్వాతి కాలంలో మన ఉస్మానియా యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరుగా పనిచేశారు. కనుక ఆ కుటుంబానికి హైదరాబాదుతో సంబంధం ఒక్క పుట్టుకతో తీరిపోలేదు.

1907లో తండ్రి చిన్న వయసులోనే పోయారు. జాకిర్‌కు అప్పుడు పదేండ్లు. తల్లి నాజ్‌నీన్ బేగం పిల్లలను తీసుకుని కాయంగంజ్‌కు తిరిగి వెళ్లి, వారిని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు హాస్టలులో చేర్చింది. అక్కడి హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారి ప్రభావం ఆ పిల్లవానిమీద జీవితాంతం ఉన్నది. 1911లో ప్లేగు వచ్చి తల్లి కూడా పోయింది. పద్నాలుగేండ్లకే అమ్మా నాన్నా లేనివాడు, హాస్టలులో పెరిగినవాడు. ఒక మంచి మాస్టారు చేతిలో పడితే పిల్లవాడు ఏమవుతాడో ఆయన ఒంటిమీదనే తెలుసుకున్నారు. తర్వాత జామియాలో పిల్లల హాస్టలుమీద వారు చూపిన శ్రద్ధకు మూలం ఇక్కడే ఉన్నదేమో అని మాకు తోస్తుంది.

1913లో అలీగఢ్ ఎం.ఏ.ఓ. కాలేజీలో చేరారు. చదువులో ముందు, మాటలో ఇంకా ముందు. 1920లో ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు దేశాన్ని ఊపివేసినవి. సర్కారు డబ్బుతో నడిచే కాలేజీని విడిచి జాతీయ విద్యాలయం పెట్టుకోవాలని పెద్దలు పిలుపునిచ్చారు. జాకిర్ సాహెబ్ అప్పటికి ఎం.ఏ. చదువుతూ, కాలేజీలో చిన్న ఉద్యోగం కూడా చేస్తున్నారు. వస్తున్న జీతం వదిలి బయటికి వచ్చిన వారిలో వారొకరు. ఆ విధంగా 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా ఏర్పడినది. మొదట కొన్ని క్లాసులు డేరాలలో జరిగినవి.

1922లో వారు పై చదువుకు జర్మనీ వెళ్లారు. బెర్లిన్ యూనివర్సిటీలో ఆర్థిక శాస్త్రం చదివి, బ్రిటిషు ఇండియాలో వ్యవసాయ పరిస్థితులమీద పరిశోధన చేసి 1926లో డాక్టరేటు పొందారు. ఉర్దూ చెప్పుకునే మావంటివారికి ఇంకొక సంగతి కూడా ముచ్చటగా ఉంటుంది. బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సులో దీవానె గాలిబ్ చిన్న సైజులో అందంగా అచ్చు వేయించారు. అక్షరాలు కూర్చే పని నేర్చుకుని ఆ పుస్తకానికి తామే కొంత కంపోజింగు కూడా చేశారు. డాక్టరేటు చేస్తున్నవాడు ప్రెస్సు కార్మికుని ప్రక్కన నిలబడి సీసపు అక్షరాలు కూర్చినాడంటే, పని ఏదైనా నేర్చుకునే చెయ్యాలి అనే స్వభావం అప్పటికే ఉన్నదన్నమాట.

చదువు అర్థశాస్త్రమైనా మనసు మాత్రం తాలీంమీదనే. జర్మనీలో వారు రెండు సంగతులు చూశారు. మొదటిది, కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త నడిపిన పని బడులు. చేతితో పని చేస్తూ, ఆ పని సరిగ్గా వచ్చిందా లేదా అని పిల్లవాడు తానే చూసుకుంటూ నేర్చుకోవడం అక్కడి పద్ధతి. రెండవది, చిన్నపిల్లల తోటలు. కిండర్‌గార్టెన్ అనే మాటకు జర్మన్ భాషలో పిల్లల తోట అని అర్థం. ఫ్రోబెల్ అనే ఆయన 1837లో మొదలుపెట్టిన ఆ తోటలో చెప్పడానికి మనసు ఒక్కటే చాలదని, దానికి వేరే నేర్పు కావాలని, ఆయనే స్త్రీలకు శిక్షణ మొదలుపెట్టారు. 1874 నాటికే బెర్లిన్‌లో పెస్టలాజీ ఫ్రోబెల్ హౌస్ అనే సంస్థ ఏర్పడి, చిన్నపిల్లల టీచర్లను తయారు చేయసాగింది. జాకిర్ సాహెబ్ బెర్లిన్ చేరేటప్పటికి నర్సు పనివలె, కుట్టు పనివలె అది కోర్సు చదివి చేసే పని అయిపోయింది. మనవద్ద మాత్రం నూరేండ్ల తర్వాత కూడా ఇంట్లో ఖాళీగా ఉన్న అమ్మాయి కోసం వెతుకుతున్నాము.

బెర్లిన్‌లోనే వారికి ముజీబ్ సాహెబ్, ఆబిద్ హుస్సేన్ సాహెబ్ స్నేహితులైనారు. ముగ్గురూ ఉన్నప్పుడే జామియా మూతపడబోతున్నదనే కబురు వచ్చింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారిపోయి చందాలు ఆగిపోయినవి. తాము ముగ్గురమూ వచ్చి పనిచేస్తామని, సంస్థను మూయవద్దని హకీం అజ్మల్ ఖాన్ గారికి కబురంపారు. 1925లో జామియా ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారింది. 1926లో తిరిగివచ్చిన జాకిర్ సాహెబ్ ఇరవై తొమ్మిదేండ్ల వయసులో దానికి షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలర్ అయినారు. పేరు పెద్దదే గాని అద్దె ఇండ్లలో నడిచే బడి. 1927 డిసెంబరులో హకీం సాహెబ్ కూడా పోయారు. అప్పులు మిగిలినవి.

1928లో అక్కడి ఉపాధ్యాయులు కొందరు ఒక ప్రమాణం చేశారు. ఇరవై ఏండ్లు జామియాను వదలకుండా పనిచేస్తామని, నెలకు నూటయాభై రూపాయలకు మించి తీసుకోమని. వారిలో జాకిర్ సాహెబ్ మొదటివారు. ఆ నూటయాభై అనేది కాగితంమీది హద్దు మాత్రమే. చేతికి వచ్చేది అందులో సగం కూడా లేని రోజులున్నవి. నెలల తరబడి జీతాలు బాకీ పడిన కాలం కూడా ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ త్యాగం కథను సభలలో తరచుగా వింటుంటాము. విన్నప్పుడల్లా మాకు కొంచెం భయం వేస్తుంది. ఎందుకంటే ఈ కథ చెప్పి, టీచరుకు జీతం అడిగే హక్కు లేదు, ఇది ఖిద్మత్ అని నోరు మూయించే యాజమాన్యాలు మన చుట్టూ ఉన్నవి. ఖిద్మత్ అనే మాట మంచిదే. కాని ఆ ప్రమాణం చేసినవారు ఎవరికి వారు, తమ జీతంమీద చేసుకున్నారు. సంస్థకు పెద్ద అయినవాడు ముందు తన జీతం తగ్గించుకున్నాడు. తన జీతం అలాగే ఉంచుకొని కింది అమ్మాయికి ఖిద్మత్ పాఠం చెప్పలేదు. పైగా తొమ్మిదేండ్ల తర్వాత అదే జాకిర్ సాహెబ్ దేశం మొత్తానికి బడుల ప్రణాళిక వ్రాయవలసి వచ్చినప్పుడు, టీచరుకు ఇంతకు తగ్గకూడదని జీతపు హద్దు కూడా పెట్టించారు. ఆ సంగతి తర్వాత చెప్తాము.

జామియాలో కాలేజీ ఉన్నది, హైస్కూలు ఉన్నది, ప్రైమరీ బడి ఉన్నది. వైస్ ఛాన్సలర్ అయినవాడు సాధారణంగా కాలేజీని చూసుకుంటాడు. జాకిర్ సాహెబ్ ప్రైమరీ బడిని చూసుకున్నారు. దాని బాధ్యత అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ అనే ఉపాధ్యాయునికి అప్పగించారు. కేవలం అప్పగించి ఊరుకోలేదు. ప్రాజెక్టు పద్ధతి నేర్చుకు రావడానికి వారిని పంజాబులోని మోగా ట్రైనింగ్ స్కూలుకు పంపారు. అది అమెరికన్ మిషనరీలు నడిపే సంస్థ. ముస్లిం జాతీయ విద్యాలయం, ఇంగ్లీషు ప్రభుత్వానికి దూరంగా నిలబడినది, తన మాస్టరును మిషనరీల వద్దకు ట్రైనింగుకు పంపింది! విద్య ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలని మన పెద్దలు చెప్పే మాటను వారు అక్షరాలా పాటించారు. ముధోలీ సాహెబ్ తిరిగివచ్చిన తర్వాత ఆ బడిలో పిల్లలే నడిపే బ్యాంకు, పిల్లలే నడిపే దుకాణం, తోటపని వచ్చినవి. లెక్కలు దుకాణంలోనే వచ్చేవి. రాత బ్యాంకు పుస్తకంలోనే వచ్చేది.

జాకిర్ సాహెబ్ గురించి రెండు కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బూట్లు శుభ్రంగా పెట్టుకు రావాలని ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు వినకపోతే, ఒకనాడు వైస్ ఛాన్సలర్ గారే బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకొని గేటు వద్ద కూర్చున్నారట. మరునాటి నుండి ఎవరికీ చెప్పవలసిన పని రాలేదు. రెండవ కథ చెప్పడానికి నోరు రాదు. వారికి రెహానా అనే చిన్న కూతురు ఉండేది. ప్రైమరీ బడి పిల్లల ఉత్సవం జరుగుతూ, వారు మిఠాయిలు పంచుతుండగా, ఇంటి నుండి మనిషి వచ్చి చెవిలో చెప్పి వెళ్లాడు. పిల్ల పోయింది. వారి ముఖం పాలిపోయిందట గాని చెయ్యి ఆగలేదట. చివరి పిల్లవాని వరకు మిఠాయి ఇచ్చిన తర్వాతనే ఇంటికి వెళ్లారు. అంతమంది పిల్లల సంతోషాన్ని మధ్యలో ఎట్లా తెంచేది అనేది వారి బాధ. పిల్లల కోసం వారు ఉర్దూలో కథలు వ్రాశారు. అబ్బూ ఖాన్ కీ బక్రీ అనే మేకపిల్ల కథ మన ఉర్దూ వాచకాల ద్వారా ఎన్నో తరాలకు తెలుసు. ఆ కథలకు వారు పెట్టుకున్న మారుపేరు రుఖయ్యా రెహానా.

1935 మార్చి 1న ఢిల్లీ వెలుపల ఓఖ్లాలో జామియా సొంత కట్టడానికి శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వేయడానికి నవాబును పిలువలేదు, నాయకుని పిలువలేదు. బడిలో అందరికంటే చిన్న విద్యార్థి చేత వేయించారు. ఆ తర్వాత అక్కడ మొదట పూర్తయి నడిచినది కూడా చిన్నపిల్లల బడియే.

ఇప్పుడు ఆపాజాన్ గురించి చెప్పుకోవాలి. అసలు ఈ వ్యాసమంతా వారికోసమే వ్రాసినా తప్పు లేదు. పేరు గెర్డా ఫిలిప్స్‌బోర్న్. 1895లో జర్మనీలో పుట్టిన యూదు స్త్రీ. కలిగిన కుటుంబం. సంగీతం నేర్చినది. బెర్లిన్‌లో ఈ ముగ్గురు స్నేహితులకు పరిచయమై, జామియా కలను విని, తానూ వస్తానన్నది. దారి, వసతి, జీతం ఏవీ సరిగా లేవని జాకిర్ సాహెబ్ చాలాసార్లు వద్దన్నారు. హిట్లరు అధికారంలోకి వస్తున్న రోజులలోనే, 1932 చివరలో ఆమె బయలుదేరి వచ్చేసింది. జామియాలో పిల్లల హాస్టలుకు పెద్ద దిక్కై, చిన్నపిల్లలకు కిండర్‌గార్టెన్ నడిపింది. పిల్లలు, టీచర్లు, అందరూ ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు.

ఆమెకు ఉర్దూ అప్పుడప్పుడే వస్తున్నది. ఇక్కడి తిండి కొత్త, ఎండ కొత్త. అయినా ఆమె చేసిన పనిలో అయోమయం లేదు. ఎందుకంటే చిన్నపిల్లల పని ఆమె నేర్చుకొని వచ్చింది. మూడేండ్ల పిల్లవాడు ఎందుకు ఏడుస్తాడో, ఎప్పుడు ఆడనివ్వాలో, ఎప్పుడు కూర్చోబెట్టాలో, గోళ్లు, పళ్లు, జలుబు, నిద్ర ఇవన్నీ చదువులో భాగమేనని ఆమెకు తెలుసు. జ్వరం వచ్చిన పిల్లల మంచం ప్రక్కన రాత్రులు గడిపేది. పయామె తాలీం అనే పిల్లల పత్రికలో పిల్లలకోసం వ్రాసేది. స్త్రీలను ఇండ్లలో నుండి బయటికి తెచ్చి నలుగురూ కలిసి కూర్చునేటట్లు చేసింది. ముషీర్ ఫాతిమా గారు ఆమె వద్ద పని నేర్చుకొని, తర్వాతి కాలంలో జామియా చిన్నపిల్లల బడిని తీర్చిదిద్దారు. మన సొసైటీ సభ్యులు ఈ ఒక్క విషయం గమనించాలని మనవి. తెలిసినవారి వద్ద ఒక ముస్లిం స్త్రీ పని నేర్చుకొన్నది, నేర్చుకొని నిలబెట్టింది. పని ఒక చేతి నుండి ఇంకొక చేతికి వచ్చింది.

1939లో యుద్ధం వచ్చింది. జర్మనీ పౌరులందరూ ప్రభుత్వానికి శత్రువులే. హిట్లరు నుండి తప్పించుకొని వచ్చిన యూదు స్త్రీని కూడా జర్మన్ అనే లెక్కలోనే పట్టుకొని 1940లో నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ కూడా తోటి ఖైదీల సేవలోనే గడిపిందని అంటారు. బయటికి వచ్చేసరికి ఆరోగ్యం చెడిపోయింది. కేన్సరుతో 1943లో కన్ను మూసింది. జామియా కబరస్తానులోనే ఆమెను ఖననం చేశారు.

జాకిర్ సాహెబ్ కథకు మళ్లీ వద్దాము. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో గాంధీజీ వార్ధాలో విద్యా సభ జరిపారు. చేతిపని ద్వారా చదువు చెప్పాలని, మాతృభాషలో చెప్పాలని, బడి ఖర్చు పిల్లల పనితోనే రావాలని గాంధీజీ ఆలోచన. జాకిర్ సాహెబ్ లేచి, ఈ పద్ధతి కొత్తది కాదని, ఖర్చు కోసం పిల్లలచేత పని చేయిస్తే మాస్టర్లు కూలి మేస్త్రీలవుతారని తమ అనుమానం ధైర్యంగా చెప్పారు. గాంధీజీకి కోపం రాలేదు. ప్రణాళిక వ్రాసే కమిటీకి జాకిర్ సాహెబ్‌నే అధ్యక్షునిగా పెట్టారు. కె.జి. సయ్యిదైన్ గారు కూడా ఆ కమిటీలో ఉన్నారు. డిసెంబరులో రిపోర్టు వచ్చింది.

ఆ రిపోర్టులో నూలు వడకడం సంగతే అందరికీ గుర్తుంది. టీచర్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు. మెట్రిక్ స్థాయి చదివినవారిని, లేక వెర్నాక్యులర్ ఫైనల్ పాసై కనీసం రెండేండ్లు బడిలో పనిచేసినవారిని మాత్రమే ట్రైనింగుకు తీసుకోవాలన్నారు. పూర్తి ట్రైనింగు మూడేండ్లు. వెంటనే మనుషులు కావాలి గనుక అప్పటికి ఒక ఏడాది చిన్న కోర్సు. ట్రైనింగు కాలంలో హాస్టలులో ఉండాలి. ఒక టీచరు వద్ద ముప్పైమందికి మించి పిల్లలు ఉండకూడదు. జీతం వీలైతే నెలకు ఇరవై అయిదు రూపాయలు, ఎట్టి పరిస్థితిలోను ఇరవైకి తగ్గకూడదు. ఆ కాలపు పల్లెటూరి బడి పంతులుకు అది చిన్న మొత్తం కాదు. చదువు ఇంత, ట్రైనింగు ఇంత, జీతం ఇంత, పిల్లలు ఇంతమంది అని నాలుగూ ఒకే కాగితంమీద పెట్టారు. మనం సాధారణంగా మొదటి దానిని అడిగి మూడవదానిని మరచిపోతాము. లేదా మూడవది ఇవ్వలేక మొదటిదానిని వదిలేస్తాము.

ఆ ప్రణాళికమీద విమర్శలు చాలా వచ్చినవి. ముస్లిం లీగు వారు వ్యతిరేకించారు. సొంత కౌము వారిచేతనే జాకిర్ సాహెబ్ మాటలు పడ్డారు. అయినా 1938లో జామియాలో ఉస్తాదోం కా మదర్సా అనే పేరుతో టీచర్ ట్రైనింగు సంస్థను తెరిచారు. పేరు చూడండి, ఎంత తేటగా ఉన్నదో! చెప్పేవాడు కూడా ఒక మదర్సాలో కూర్చొని నేర్చుకోవాలి. అలిఫ్ బే చెప్పడానికి కూడా.

వార్ధా ప్రణాళిక ఏడేండ్ల పిల్లలతో మొదలయ్యేది. ఏడేండ్లకు ముందు సంగతి ఏమిటి అనే లోటు త్వరలోనే తెలిసివచ్చింది. 1945లో సేవాగ్రాం సభ తర్వాత, జాకిర్ సాహెబ్ అధ్యక్షులుగా ఉన్న హిందుస్తానీ తాలీమీ సంఘ్ ఏడేండ్లలోపు పిల్లల చదువును, పూర్వ బునియాదీ అనే పేరుతో తన పనిలో చేర్చుకున్నది.

ఇప్పుడు ఎట్లా ఉన్నదో కొంచెం చూద్దాము. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేండ్ల పిల్లలకే. ఒకటవ తరగతి చెప్పాలంటే డి.ఎడ్., టెట్ అడుగుతారు. మావంటి వారము అవన్నీ దాటి వచ్చినవారమే. అంతకంటే చిన్నపిల్లలకు చెప్పేవారికి ఇంటర్ పైన రెండేండ్ల నర్సరీ ట్రైనింగు ఉండాలని ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో నియమం వ్రాసింది. నియమం ఉన్నది, గల్లీలో అడిగేవాడు లేడు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైనవి. ఆ టీచర్లకు కొంత ట్రైనింగు ఇస్తారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని పెట్టింది. ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు. అంటే మన మొహల్లా అమ్మాయిని వద్దనమని ఎవరూ అనడం లేదు. ఆమెకు నేర్పించమంటున్నారు.

నేర్పకపోతే ఏమవుతుందో మేము ఒకటవ తరగతిలో చూస్తూనే ఉన్నాము. మన ఇండస్ట్రియల్ ఏరియా గల్లీలలో అమ్మీ అబ్బా ఇద్దరూ కంపెనీకి పోయే ఇండ్లు చాలా. బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిషా నుండి వచ్చినవారు ప్రక్క గదులలోనే ఉంటున్నారు. ఇంట్లో ఉర్దూ లేక హిందీ, గల్లీలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడేండ్ల పిల్లవానికి ఈ మూడు భాషల మధ్య దారి చూపాలంటే తెలిసిన మనిషి కావాలి. తెలియని మనిషి ఏం చేస్తుంది? పెన్సిలు చేతికిచ్చి ఏ నుండి జెడ్ వరకు పేజీ నింపమంటుంది. తల్లిదండ్రులు నోటుబుక్కు చూసి సంతోషిస్తారు. ఆ వయసులో వేళ్లకు ఆ బలం ఉండదు. మట్టిముద్దలు, పూసలు, చింతగింజలు, బొమ్మలు గీయడం, వీటితో ముందు చెయ్యి తయారు కావాలి. అటువంటి పిల్లలు మావద్దకు వచ్చేసరికి పెన్సిలు పిడికిలితో పట్టుకుంటారు. గడగడా ఏబీసీడీ చెప్తారు గాని, చిన్న కథ చెప్తే చివర ఏమయిందో చెప్పలేరు. అడిగితే బెత్తం వస్తుందేమోనని చేతులు వెనక్కి పెట్టుకుంటారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నలభైమందిని ఒక గదిలో పెట్టి ఒక్కదాన్ని వదిలితే బెత్తం కాక ఏమి గుర్తుకు వస్తుంది?

కనుక మా మనవి ఒక్కటే. బడి పెట్టేముందు మన అమ్మాయిలలో ఇద్దరిని ఎన్నుకొని ప్రీస్కూల్ డిప్లొమాకు పంపాలి. ఫీజు, బస్సు ఖర్చు సొసైటీ జకాత్ కాని నిధి నుండి ఇవ్వాలి. తిరిగివచ్చిన తర్వాత వారికి ఇచ్చే జీతం ముందే కాగితంమీద వ్రాసి సభలో చదవాలి. బడి రెండేండ్లు ఆలస్యమవుతుంది. కావచ్చు. ఇష్టం లేనివారు రాబోయే సర్వసభ్య సమావేశంలో చెప్పవచ్చును, మేము వింటాము.

జాకిర్ సాహెబ్ మిగిలిన జీవితం అందరికీ తెలిసినదే గనుక త్వరగా చెప్తాము. 1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం రెండుగా చీలబోతున్న ఆ రోజులలో నెహ్రూ గారిని, జిన్నా గారిని ఒకే వేదికమీద కూర్చోబెట్టగలిగారు. 1947 ఆగస్టులో కాశ్మీరుకు పోతుండగా జలంధర్ స్టేషనులో అల్లరి మూక చేతిలో ప్రాణం పోవలసినది, పరాయి మతస్తులే అడ్డుపడి కాపాడారు. 1948లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయినారు. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. గులాబీ మొక్కలంటే ప్రాణం. రాష్ట్రపతి భవనంలో కూడా మొక్కల మధ్యనే ఎక్కువగా ఉండేవారట.

1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. పదవిలో ఉండి మరణించిన మొదటి రాష్ట్రపతి వారే. ఢిల్లీలో ఎక్కడైనా సమాధి కట్టవచ్చును గాని, వారిని ఓఖ్లాకు తెచ్చి జామియా ఆవరణలోనే ఖననం చేశారు. ప్రక్కనే మసీదు, అటు ఇటు బడి పిల్లలు తిరిగే దారులు. అదే జామియా నేలలో ఆపాజాన్ కబరు కూడా ఉన్నది. జామియాలో పనిచేసే తల్లుల పిల్లలను చూసుకునే కేంద్రానికి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ పేరు పెట్టుకున్నారు. నర్సరీ బడికి ముషీర్ ఫాతిమా పేరు పెట్టుకున్నారు.